లైన్లో ఉన్నారా?

టెలిఫోన్ బోర్డు మీద నలభై ఒకటో నంబరు రేకు టప్పున కిందపడగానే మంగ తీగ లాగి దాని రంధ్రంలో గుచ్చింది. “నంబర్ ప్లీజ్” అనాలి. పెదవులు కలిపితే లోపలి పుండ్లు భగ్గుమంటాయి. అందుకని “హలో” అంది.

“కోదాడ జల్ది ఇప్పియమ్మా. గొంతేంది గట్ల ముద్దగున్నది?” అవతల రైసుమిల్లు సీతారామయ్య.

“ఏం లేదు సేఠ్.” కోదాడ కలిపింది. అర నిమిషం ఆగి మళ్లీ లైన్లోకి వెళ్లింది. “లైన్లున్నరా?”

“ఉన్న తల్లీ, ఉన్న!” విసుక్కున్నాడు సీతారామయ్య.

మిర్యాలగూడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పదకొండేళ్లుగా ఇదే పని. పెళ్లయిన రెండేళ్లకు భర్త పోతే, మెట్రిక్ చదువుతో ఈ ఉద్యోగంలో చేరింది. మంగది మొదటి నుంచీ బెంగ స్వభావం. తాళం వేశాక వీధి మొగ నుంచి వెనక్కొచ్చి గొళ్లెం లాగి చూసేది. బోర్డుకు దారంతో కట్టిన పెన్సిలు కొస కొరుకుతూ, కలిపిన ప్రతి కాలూ తెగిపోయిందేమోనని మధ్యలో దూరి అడిగేది. సేట్లు విసుక్కునేవారు గానీ, ఆమె డ్యూటీలో కాల్ తెగిందన్న ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ రాలేదు.

కిందటి మాఘంలో ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాదు దవాఖానలో కోసి తీసేశారు. ఆ తర్వాత నెలకొకటి చొప్పున ఆరు ఇంజక్షన్లు పెట్టాలన్నారు. నాలుగయ్యాయి. రెండోదానికే జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. హెడ్‌ఫోన్ పట్టీ బోడినెత్తికి ఒరుసుకుంటుంటే, తోటి ఆపరేటరు శకుంతల దానికి పాత చీరపేలిక చుట్టి ఇచ్చింది. మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన గాలికి వస్తే చాలు, వాంతికి బయటికి పరుగెత్తేది. అన్నిటికన్నా కష్టం తారీకు దగ్గరపడే రోజులు. సూది ఇంకా వారం ఉందనగానే నిద్ర పట్టేది కాదు, గుండె దడదడలాడేది.

అయిదోది రేపు.

ఎనిమిది గంటలకు కోదాడ ఆపరేటరు లక్ష్మీనర్సయ్య పలికాడు. తొమ్మిదేళ్లుగా రోజూ వినే గొంతు. ముఖాలు చూసుకున్నది లేదు.

“చెల్లెమ్మా, ఇవాళ బయల్దేరుతున్నావా?”

“పోను నర్సన్నా. నోట్లె పుండ్లు లేసినయి. మంచినీళ్లు తాగినా మంటనే. ఆ సూది యాదికొస్తే కాళ్లుసేతులు సల్లగయితున్నయి. ఇగ నాతోని కాదు.”

అవతల చప్పుడు లేదు.

“లైన్లున్నవా అన్నా?” అలవాటుగానే అడిగింది.

“ఉన్నానమ్మా. ఎక్కడికి పోతాను?” అన్నాడతను. “వెళ్లమని నేను చెప్పను. పొద్దున్నించి ఏమన్నా తిన్నావా?”

“ఏడికెల్లి తింట?”

“సరే, ఉండు.”

పదకొండున్నరకు బస్సు డ్రైవరు దావీదు ఎక్స్ఛేంజి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో తడిగుడ్డ కప్పిన తాటాకు బుట్ట. “కోదాడ నుంచి నర్సయ్యగారు ఇయ్యమన్నరమ్మా” అని పెట్టి వెళ్లిపోయాడు. బుట్టలో తాటిముంజలు. అప్పుడే కొట్టినవి, నీళ్లూరుతున్నాయి.

శకుంతల బోర్డు దగ్గర కూర్చుంది. మంగ ఒక ముంజ పొట్టు తీసి భయం భయంగా నోట్లో పెట్టుకుంది. నమలాల్సిన పని లేకుండా చల్లగా జారిపోయింది. మంట లేదు. ఇంకొకటి తింది. నాలుగు రోజుల తర్వాత నోటికి ఆహారం రుచించింది. ఆరో ముంజ తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోదాడకు తీగ గుచ్చింది. “అన్నా, తిన్న” అంది.

“మంచిది. ఎల్లుండి నువ్వు తిరిగొచ్చే టైమెంతో చెప్పు. ఇంకో డజను దావీదుకిచ్చి పంపిస్తా.”

మంగ బస్సు టైము లెక్క వేసుకుంది. “పొద్దుగూకినంక వస్త” అంది.

రెండు గంటలకు డ్యూటీ దిగి, త్రిపురారం నుంచి వచ్చిన అక్క కృష్ణమ్మతో కలిసి హైదరాబాదు బస్సెక్కింది. దడ తగ్గలేదు. దడతోనే వెళ్లింది. ఆరో సూదికి ముంజల కాలం అయిపోతే నర్సయ్య సగ్గుబియ్యం జావ సీసాలో పోసి పంపాడు.

ఆ తర్వాత జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. అయిదేళ్లు పనిచేసింది. “గివన్ని నాకు కొసరిచ్చిన రోజులే శకుంతలా” అనేది, అడగకపోయినా. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది చలికాలంలో జబ్బు ఎముకలకు పాకింది. త్రిపురారంలో ఒక మధ్యాహ్నం, అక్క తల నిమురుతుండగా కన్నుమూసింది.

నెల మాసికం నాడు లక్ష్మీనర్సయ్య మొదటిసారి మిర్యాలగూడ ఎక్స్ఛేంజికి వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం. శకుంతల మంగ కుర్చీ జరిపి కూర్చోమంది. అతను కూర్చోలేదు. బోర్డుకు దారంతో వేలాడుతున్న పెన్సిలును అందుకున్నాడు. రెండంగుళాల ముక్క మిగిలింది. దాని పైకొస నిండా సన్నటి పంటిగాట్లున్నాయి.