అక్క కుర్చీ

పొద్దున్నే షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని కుట్టుమిషనుకు నూనె వేయడం. రెండో పని తన కుర్చీని తడిగుడ్డతో తుడిచి, "ఏం తల్లీ, నిద్రపట్టిందా?" అని పలకరించడం. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కే. షాపు మాత్రం తమ్ముడిది. కొలతలూ కత్తిరింపూ అతనివి, కుట్టు అక్కది.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి, కాస్త దగ్గరికి జరగండి. కూతురు పుట్టిందని మురిసిపోయి వడ్రంగి నాన్న చేసిన కుర్చీ అది. అది నడిచేది. అందుకని ఎవరూ ముక్కున వేలేసుకోలేదు లెండి. "మీ పిల్ల కుర్చీ మా పెరట్లోకొచ్చింది, తీసుకుపొండి" అని కబురు పెట్టేవాళ్ళు, తప్పిపోయిన మేకపిల్ల గురించి చెప్పినట్టే. నాన్న పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుని, "అది తనంతట తాను ఎక్కడ కుదురుకుంటే అక్కడ నీ పని ఉన్నట్టమ్మా. పైవాడు ఊరికే నాలుగు కాళ్ళివ్వడు" అన్నాడు.

ఆ తరవాత తమ్ముడు దర్జీ షాపు పెట్టాడు. కుర్చీ ఊరంతా తిరిగేది, పని దొరకని అక్క దాని వెనకాల తిరిగేది. ఒకనాడు షాపుకొచ్చి చూస్తే కుర్చీ మిషను ముందు, చెక్కనేల మీద, కదలకుండా కూర్చుని ఉంది.

"చూశావా అక్కా! దేవుడు తేల్చేశాడు" అన్నాడు తమ్ముడు.

అక్క కళ్ళనీళ్ళతో చేతులు జోడించింది. ఆ పైన ఓ మంచి సంబంధం వెతుక్కుంటూ వస్తే, "నా కుర్చీ ఇక్కడ కూర్చుందండీ" అని నవ్వుతూ పంపేసింది. ఇదంతా జుట్టు నల్లగా ఉన్నప్పటి మాట. అప్పుడప్పుడూ కుర్చీ సన్నగా వణికేది. మిషను ఆపినా వణికేది. మిషను అదురేలే అనుకునేది అక్క. నమ్మకం అలాంటిది మరి. ఒకసారి కుదిరాక మన ఒంటికి తెలిసింది కూడా మనల్ని నమ్మనివ్వదు.

ఆరోజు ఒక తాత వచ్చాడు. సంచిలోంచి ఆడవాళ్ళ స్వెట్టరు తీశాడు. మోచేతుల దగ్గర చిరుగులు.

"మా ముసల్దానిది బాబూ. తను పోయాక నేనే వేసుకుంటున్నా. కాస్త ఈ చిరుగులు రఫూ చేసిపెడతావా?"

"చిరుగులు కుట్టం తాతా. బోర్డు చూళ్ళేదా? కొత్త బట్టలే" అన్నాడు తమ్ముడు, టేపు మెడలోంచి తియ్యకుండానే.

తాత వెళ్ళి ఎదురుగా మూతపడ్డ మందులషాపు అరుగు మీద కూలబడి, స్వెట్టరు మడతపెట్టుకోసాగాడు. ఈ షాపులో వద్దనిపించుకున్నవాళ్ళంతా ఆ అరుగు మీదే మడతలు పెట్టుకుంటారు. అక్క వాళ్ళని రోజూ కిటికీలోంచి చూస్తుంది. చూసినప్పుడల్లా వేళ్ళు దురదపెడతాయి. ఈసారీ అటే చూస్తుంటే చేతిలోని దారపు బాబిన్ జారి కుర్చీ కిందికి దొర్లింది. తీద్దామని బోర్లా పడుకుని చెయ్యి చాపింది.

కుర్చీ కాళ్ళ లోపలివైపు, ఏటవాలుగా, నేలలోకి నాలుగు మేకులు దిగి ఉన్నాయి. పైన పూసిన రంగు కూడా కుర్చీ రంగే. మేకుల చుట్టూ చిల్లులు అరిగి కోలగా సాగిపోయాయి. ఇన్నేళ్ళూ అది గుంజుకుంటూనే ఉందన్నమాట.

అక్క లేచింది. "ఇవేంట్రా?"

తమ్ముడి చేతిలో సుద్ద ఆగిపోయింది. "షాపు కొత్త అప్పుడు. చేతికింద ఇంకో మనిషి లేడు. నువ్వు దాని వెనకాల పోతే నా గతేంటని..."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఉండేదానివా?"

"ఉండేదాన్నేమో. ఆ సంగతి ఇప్పుడు నీకూ తెలీదు, నాకూ తెలీదు. దేవుడు తేల్చాడన్నావు. ఆయన పేరు కూడా వాడుకున్నావు కదరా!"

లోపలి గదిలోంచి మరదలు వచ్చింది. "వదినా, నేను అప్పుడే వద్దన్నా. ఈయన వింటేనా?"

"అంటే నీకూ తెలుసు."

మరదలు గుండీల డబ్బాలోకి చూసింది. ప్యాంటు కోసం కూర్చున్న ఇస్త్రీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "సుత్తి నాదేనమ్మా. అడిగాడు, ఇచ్చా. తరవాత చెబుదామనే అనుకున్నా. నువ్వేమో సంతోషంగా ఉన్నావు..."

వీధి మొత్తానికీ తెలుసు! రోజూ "ఏమక్కా, కుర్చీ కుదురుగా ఉందా?" అని నవ్విన ముఖాలన్నీ అక్కకి ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏడుపు రాలేదు. పట్టకారు తెచ్చుకుని, ఒక్కో మేకూ పీకి, నాలుగూ తమ్ముడి కటింగు బల్ల మీద పెట్టింది.

కుర్చీ కాసేపు నమ్మలేనట్టు నిలబడింది. తరవాత ఒక కాలెత్తి, కుంటుకుంటూ మెట్లు దిగింది. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా వెంట నడిచింది.

బడి గేటు దగ్గర ఆగుతుందనుకుంది, ఆగలేదు. ఆసుపత్రి దాటింది. బస్టాండులో ఓ కండక్టరు "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?" అని దాని వీపు తట్టాడు. అక్కడా ఆగలేదు. అది నెమ్మదించినచోటల్లా అక్క అడుగు ఆగేది, సాగితే సాగేది. "స్వామీ, ఈ వయసులో ఇంకేం నేర్చుకోను? ఏదో ఒకటి చూపించు" అనుకుంటూ నడిచింది.

ఎండ వాలుతుండగా కుర్చీ మళ్ళీ సొంత వీధిలోకి తిరిగింది. అక్క నడక మందగించింది. ఇది తిరిగి ఆ షాపే ఎక్కితే? అప్పుడు మేకులు కొట్టినవాడే గెలిచినట్టు కాదా? గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి ముఖం వెలిగింది. దారి ఇస్తూ పక్కకి కూడా జరిగాడు.

కుర్చీ గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. వీపు తిప్పి, వీధి దాటి, ఎదురు అరుగెక్కి, తాత పక్కన కుదురుగా కూర్చుంది.

వీధి వెడల్పు ఎంతని? ఒక బండి పోతే ఇంకో బండి ఆగాలి, అంతే. ఆ కాస్త దూరానికే అక్క జీవితం సగం పట్టింది.

తాత ఇంకా అక్కడే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేనివాడికి తొందరేముంది? అక్క కుర్చీలో కూర్చుంది. అది వణకలేదు. ఆమె జాకెట్టు అంచున గుచ్చుకున్న సూది తీసింది.

"ఇటివ్వండి తాతా, ఆ స్వెట్టరు."

"షాపులో వద్దన్నారు కదమ్మా?"

"అది వాడి షాపు. ఇది నా కుర్చీ."

రెండు మోచేతులూ పూర్తయ్యేలోపు, బడిసంచి పట్ట తెగిన పిల్లనొకదాన్ని వెంటబెట్టుకుని ఎవరో తల్లి వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకెవరో.

పొద్దుగూకే వేళకి తమ్ముడు షట్టరు దించి వీధి దాటి వచ్చాడు. "ఇంటికి రా అక్కా" అనలేదు. తప్పయిందనీ అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కాళ్ళ కింద ఒక్కొక్కటే తడిమాడు. వేళ్ళకి నాలుగు చిల్లులు తగిలాయి. మేకు ఒక్కటీ తగల్లేదు. మళ్ళీ మొదటి కాలి నుంచి తడమడం మొదలుపెట్టాడు.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"కాస్త పక్కకి జరగరా. వెలుతురుకి అడ్డం వస్తున్నావు."