తెరకు ఎడమ పక్కన

ఖలఫ్ నోటినిండా నీళ్ళు పట్టి, బల్లమీద పరిచిన ఉన్ని గలబియా అంగీ మీదికి ఒక్క ఊపున ఊదాడు. తుంపర కాలరు నుంచి పాదాల అంచు దాకా సమానంగా పడింది. పొయ్యిమీద కాలుతున్న రెండు ఇస్త్రీ పెట్టెల్లో ఒకదాన్ని తడిగుడ్డతో పట్టి దించాడు. దాని వీపున ఉన్న చెక్కదిమ్మె మీద కుడిపాదం ఆనించి, పొడుగాటి ఇనుపకాడ చేత్తో పట్టుకుని, నడుం వంచి ముందుకు నెట్టాడు. ఉన్ని బుస్సుమంది. పాతిక కిలోల ఇనుము అతని పాదం కింద పెంపుడు జంతువులా కదిలింది.

బాబ్ అష్షారియా సందుల్లో ఒకప్పుడు కాలితో ఇస్త్రీ చేసేవాళ్ళు పదకొండు మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఖలఫ్ ఒక్కడే మిగిలాడు. డెబ్భై ఏడేళ్ళ మనిషి. కుడి పిక్క ఎడమ పిక్కకి రెండింతలు ఉంటుంది. "నీ రెండు కాళ్ళూ ఒకే తల్లి కన్నవేనా?" అని సందులో ఆడవాళ్ళు ఏడిపిస్తారు. అతను నవ్వడు, కోప్పడడు. పనైన బట్టని మడిచి, చెవిమీద పెట్టుకున్న నీలం సుద్దముక్క తీసి, మూటమీద గుర్తు గీస్తాడు. చదువు రాదు గనక ఒక్కో ఇంటికీ ఒక్కో బొమ్మ ఉంటుంది. కసాయి ఇంటికి చేప, ఎందుకో ఎవరికీ తెలియదు. మేస్త్రీ ఇంటికి నిచ్చెన. రెండే గీతల్లో వేసినా నిచ్చెన నిచ్చెనలాగే ఉంటుంది.

మధ్యాహ్నం నమాజు అయిన కాసేపటికి నషాత్ వచ్చాడు. పక్క సందులో సినిమా డిస్కులమ్మే కొట్టు అతనిది. మనిషి కంటే ముందు అతని గొంతు లోపలికి వచ్చింది.

"వచ్చేసింది బాబాయ్! నీ హకీం వచ్చేశాడు!"

ఖలఫ్ పాదం ఆగింది. ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడువాసన వచ్చేదాకా ఆగింది. అరవై ఏళ్ళ పనిలో అట్లా జరగడం అదే మొదటిసారి.

"పాత ఫిల్ము కడిగారట, గీతలన్నీ పోగొట్టారట," అన్నాడు నషాత్ డిస్కు చూపిస్తూ. "నువ్వు ఇస్త్రీ చేసిన అంగరఖాల మడతలు కూడా కనిపిస్తాయి, కూర్చుని లెక్కపెట్టుకో. ఇంత మోజు ఆ హీరోక్కూడా ఉండి ఉండదు. చచ్చి ఏ లోకాన ఉన్నాడో!"

"నిండుగా ఉందా?" అని అడిగాడు ఖలఫ్. "అటూ ఇటూ కొయ్యలేదు కదా?"

"నేనింకా చూడలేదు. అట్టమీద మాత్రం నిండుగా అనే రాశారు."

నషాత్‌కీ, సందులో అందరికీ తెలిసింది ఒకటే. నలభై అయిదేళ్ళ కిందట ఎప్పుడో హకీం అని పిలిచే ఒక పాతకాలపు వైద్యుడి జీవితం మీద పెద్ద సినిమా తీశారు. దానికి బట్టలు ఇస్త్రీ చేసింది ఖలఫ్. ముసలాయన గొప్ప కోసం దాన్ని వెతుక్కుంటున్నాడని అందరూ అనుకుంటారు. వాళ్ళని అనుకోనిచ్చాడు.

అసలు సంగతి అతని కూతురు నఈమా.

ఆ వసంతంలో నఈమాకి నాలుగేళ్ళు. స్టూడియోలో బట్టల మూటల మీద ఎక్కి కూర్చుని ఉంటే, గుంపులో నిలబెట్టడానికి ఒక పిల్ల తక్కువైందని ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. సంకెళ్ళు వేసి హకీంని వీధిలో నడిపించే ఘట్టం అది. జనమంతా గుండెలు బాదుకుంటున్నారు. ఎడమ చివర నీళ్ళమ్మేవాడి పక్కన నిలబడ్డ నఈమా మాత్రం హకీం వంక చూడలేదు. కెమెరా వెనక బట్టలు మోస్తున్న నాన్నని చూసింది. చూసి, ఎర్ర జోడు తొడిగిన కుడికాలు ముందుకు చాచి, ఇస్త్రీ పెట్టె తోస్తున్నట్టు నేలమీద తోసింది. నవ్వింది. అంతా కలిపి తొమ్మిది క్షణాలు.

ఆ ఎండాకాలమే జ్వరమొచ్చి పిల్ల పోయింది. బడిలో వేసేటప్పుడు ఫొటో తీయిద్దామనుకున్నారు. బడిదాకా రాలేదు. తర్వాత మరో బిడ్డ పుట్టలేదు.

సినిమా విడుదలయ్యేసరికి చావింటికి నలభయ్యో రోజు. ఏడాది దాకా ఆ ఇంట్లో రేడియో మోగకూడదు, సినిమా మాటే ఎత్తకూడదు. అతని పెళ్ళాం దౌలత్ నలుపు కట్టింది. ఖలఫ్ మాత్రం స్టూడియోకి బట్టలివ్వాలని చెప్పి గురువారం గురువారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాడు. ఆ తొమ్మిది క్షణాలు చూసి లేచి వచ్చేసేవాడు. పదకొండు గురువారాలు అట్లా వెళ్ళాడు. పన్నెండో వారం సినిమా ఎత్తేశారు. కన్నతల్లి ఇంట్లో కుమిలిపోతుంటే తను హాల్లో కూర్చుని బిడ్డని చూసుకున్నాడు. ఆ తప్పు పెళ్ళాంతో చెప్పుకోవడానికి ఈ రోజుదాకా నోరు రాలేదు. పిల్ల అందులో ఉందని దౌలత్‌కి తెలుసు. అతను చూశాడని తెలియదని అతని నమ్మకం.

ఆమెకి ఎట్లాగైనా చూపించాలి. అదొక్కటే అతని అప్పటి కోరిక, ఇప్పటి కోరిక.

మొదట క్యాసెట్ వచ్చింది. వెడల్పాటి బొమ్మని టీవీకి సరిపోవాలని రెండువైపులా కోసేశారు. హకీం తనతో తానే మాట్లాడుకునే పిచ్చివాడిలా ఉన్నాడు, ఎందుకంటే ఎదుటివాడు కోతలో పోయాడు. నఈమా కూడా పోయింది. కొన్నేళ్ళకి రెండు డిస్కులుగా వచ్చింది. మొదటిది హకీంని పట్టుకోవడంతో ఆగింది, రెండోది జైల్లో మొదలైంది. మధ్య వీధి మొత్తం ఎటో ఎగిరిపోయింది. తర్వాత ఏదో చానల్ వాళ్ళ కాపీ వచ్చింది. ఈసారి బొమ్మ నిండుగా ఉంది, ఎడమ చివర నీళ్ళమ్మేవాడూ ఉన్నాడు. ఆ పక్కన మాత్రం, సరిగ్గా పిల్ల ఉండాల్సిన మూలన, చానల్ వాళ్ళ బంగారు గుర్తు గిర్రున తిరుగుతూ కూర్చుంది. ఆ రోజు ఖలఫ్ టీవీ కట్టేసి, బయటికి వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చాడు.

ఇప్పుడిది నాలుగోది. దౌలత్ కళ్ళకి నీటికాసులు. మిగిలిన కాస్త వెలుగు కూడా చలికాలం దాటదని డాక్టరు చెప్పాడు.

ఖలఫ్ కొట్టు మూసి, డిస్కు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తు. రెండు చోట్ల ఆగాడు. ఎడమచెయ్యి పొద్దున్నుంచి లాగుతోంది, ఇనుపకాడ వల్లే అనుకున్నాడు.

దౌలత్ నేలమీద కూర్చుని వేళ్ళతో తడుముతూ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"ఇంత తొందరగా వచ్చావేం? పొయ్యి ఆరిపోయిందా, నువ్వు ఆరిపోయావా?"

"కొత్తది వచ్చిందే, దౌలత్."

ఆమె చేతులు పప్పులోనే ఉండిపోయాయి. తర్వాత పళ్ళెం పక్కకి నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, టీవీకి జానెడు దూరంలోకి జరిగి కూర్చుంది.

బొమ్మ మొదలైంది. రంగులు నిజంగానే కడిగినట్టున్నాయి. వీధి ఘట్టం వచ్చింది. తెర నిండా జనం, దుమ్ము, సంకెళ్ళ చప్పుడు. కానీ ఈ కొత్త మారాజులు కొత్త టీవీలకి సరిపోవాలని మళ్ళీ పక్కలు కోశారు. నీళ్ళమ్మేవాడు సగమే ఉన్నాడు. ఖలఫ్ రిమోట్ అందుకున్నాడు. అంతలో ఎడమ అంచులోంచి ఎర్ర జోడు తొడిగిన చిన్న పాదం ఒకటి తెరలోకి వచ్చింది.

అతను రిమోట్ నొక్కాడు. బొమ్మ ఆగింది, పాదం ఆగింది.

"కనిపించిందా?"

"ఎర్రగా ఏదో ఉంది," అంది దౌలత్ కళ్ళు చిట్లించి. "ఏమిటది? ఉందా? లేదా? నిజం చెప్పు. నన్ను మురిపించడానికి ఉందని చెప్పకు."

ఉందని చెప్పాలనే అతను నోరు తెరిచాడు. మాట మరొకటి వచ్చింది.

"పాదం ఉంది. మిగతాదంతా కోసేశారు. మిగతాది నాకు తెలుసు దౌలత్. నేను చూశాను. అప్పుడే చూశాను. నీకు చెప్పకుండా హాలుకి వెళ్ళాను."

"తెలుసు."

ఖలఫ్ ఆమె వైపు తిరిగాడు.

"నీ బట్టలు ఉతికేది ఎవరు?" అంది దౌలత్. "ప్రతి గురువారం జేబులో గుమ్మడిగింజల తొక్కలు. స్టూడియోలో గింజలు పంచుతున్నారా? మొదట నిన్ను చంపెయ్యాలనిపించింది. తర్వాత భయమేసింది. అడిగితే నువ్వు మర్చిపోయాననేవాడివేమో! మర్చిపోతే దానికిక ఎవరున్నారు? అందుకే అడగలేదు."

"మర్చిపోలేదే."

"అయితే చూపించు."

ఖలఫ్ లేచాడు. చెవిమీది సుద్దముక్క తీశాడు. టీవీకి ఎడమ పక్క గోడ దగ్గర మోకాళ్ళమీద కూలబడి, తెర అంచుకు ఆనించి గీత మొదలుపెట్టాడు. మూటలమీద చేప గీసినట్టే, నిచ్చెన గీసినట్టే, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా గీశాడు. ముందుకు చాచిన కాలు. గౌను. నడుంమీద ఒక చెయ్యి.

"చెయ్యి నడుంమీద పెట్టిందా?" అంది దౌలత్.

"నేను పెట్టుకుంటాగా, పనిలో. అట్లా పెట్టింది. తల ఇటు తిప్పింది. జుట్టు రెండు జడలు, ఒకటి ఊడిపోయింది."

"ఎడమది," అంది దౌలత్. "ఎప్పుడూ అదే ఊడేది. ఎంత బిగించినా సరే."

"అవును, ఎడమదే. నవ్వింది. ముందు పన్ను లేదు."

ఆమె చెయ్యి చాచింది. అతను ఆ వేళ్ళు పట్టుకుని గోడమీద పెట్టాడు. ఆమె వేళ్ళు జడమీంచి భుజానికి, భుజంమీంచి నడుంకి, కాలుకి వచ్చి, తెర అద్దం మీద ఎర్రగా ఆగిన పాదం దగ్గర ఆగాయి. అక్కడ ఆమె ఏడ్చింది. నలభై అయిదేళ్ళ కిందటి ఏడుపులా గొంతెత్తలేదు, చిన్నగా ఏడ్చింది. అతను కూడా ఏడ్చాడు. ఏడుస్తుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

కాసేపటికి దౌలత్ ముక్కు చీదుకుంది.

"ఇంతకీ ఆ హకీం ఏమయ్యాడు?"

"నాకేం తెలుసు? హాల్లోనూ అక్కడే లేచి వచ్చేసేవాణ్ణి. తర్వాతెప్పుడూ మిగతాది చూడబుద్ధి కాలేదు."

"అయితే పెట్టు, చూద్దాం. పాపం, ఆయన కోసం ఏడ్చినవాళ్ళే గానీ ఏమయ్యాడో అడిగినవాళ్ళు మనింట్లో లేరు."

అతను మీట నొక్కి ఆమె పక్కన గోడకి జారగిలపడ్డాడు. తెరమీది పాదం కదిలి వెనక్కి వెళ్ళిపోయింది. జైలు వచ్చింది. ఖైదీలకి హకీం వైద్యం చేశాడు. బయట పొద్దు వాలుతోంది. ఖలఫ్ తల ఆమె భుజంమీద వాలింది. పొద్దున్నించి నిలబడ్డ మనిషి, నిద్రపోనీ అని ఆమె కదల్లేదు. ఏం జరుగుతోందో తనకి వినిపించినంత మేర అతనికి చెబుతూ ఉంది.

"కొత్త సుల్తాను వచ్చినట్టున్నాడు... తలుపు తీస్తున్నారు. విడిచిపెట్టారయ్యా! బతికే బయటికొచ్చాడు. వింటున్నావా, నఈమా నాన్నా?"

ఆ పేరుతో అతన్ని పిలిచి నలభై అయిదేళ్ళు. అతను పలకలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుని చూసింది. సాయంత్రం అజాన్ మొదలయ్యేసరికి ఆ చెయ్యి చల్లబడటం మొదలైంది.

మర్నాడు మధ్యాహ్నం తీసుకెళ్ళి పాతిపెట్టారు. మూడు రోజులు ఆడవాళ్ళు వచ్చి పరామర్శించారు. చాపలు పరవడానికి చోటు కోసమూ, చావింట్లో ఎవరూ పెట్టకుండానూ, టీవీని లోపలి గదిలో తోసి దుప్పటి కప్పారు. మేస్త్రీ పెళ్ళాం గోడమీది సుద్దమరకలు చూసి తడిగుడ్డ తెచ్చింది.

"గోడ ఎవరో పాడుచేశారు పిన్నీ, తుడిచేస్తా ఉండు."

"చెయ్యి వెయ్యకు," అంది దౌలత్, అటు చూడకుండానే. "అది మా ఆయన పని."

టీవీ ఉన్నంత మేర గోడ మసిపట్టకుండా తెల్లగా మిగిలింది. దాని ఎడమ అంచున, నీలం సుద్దతో గీసిన జానెడు పిల్ల, ఒక జడ ఊడిపోయి, చాచిన కాలికి పాదం లేకుండా నవ్వుతూ నిలబడి ఉంది.