మేనేజరు గదిలోని కంప్యూటరు

మా ఆయన ఆఫీసులో ఇరవై కంప్యూటర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. శుక్రవారంలోగా పూర్తిచేస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. బుధవారం సాయంత్రానికి ఎక్కింది ఆరింటికే. తక్కినవి సగం దాకా వెళ్లి, ఫైలు దొరకడం లేదంటూ ఆగిపోతున్నాయి. వైర్లు మార్చారు, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఫలితం లేదు.

"అన్నం కూడా సగంలోనే ఆగిపోతోందేం?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆగిన సమయాలు రాసుకున్న కాగితం నా ముందుకు తోశారు. పదకొండు, ఒంటిగంట, నాలుగు. రెండు రోజులూ అవే.

"అన్నీ ఒకేసారి ఆగుతున్నాయా?"

"కూడబలుక్కున్నట్టు."

"ఆ ఫైళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"మేనేజరు గదిలో కంప్యూటరు నుంచి. అన్నిట్లోకీ పెద్దది అదేగా."

"మరి ఈ టైములకి ఆయనేం చేస్తారండీ?"

"టీకి వెళ్తాడు, భోజనానికి, మళ్లీ టీకి..."

ముద్ద మా ఆయన చేతిలోనే ఉండిపోయింది. కుర్చీలోంచి లేస్తే కంప్యూటరు ఆపి, గదికి తాళం వేసి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకునే మనిషి ఆ మేనేజరు. ఆఫీసంతా చాటుగా నవ్వుకునే సంగతే.

"ఇంజనీరమ్మా, నీకో దండం!" అన్నారు మా ఆయన.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, రెండు రోజులు కంప్యూటరు ఆపవద్దని మేనేజరును బతిమాలారట.

"నా గదిలో నేను స్విచ్చి నొక్కితే హాల్లో నీ పని ఆగుతుందా? రేపు వాన పడకపోయినా నేనే కారణమంటావు. చేతకాకపోతే చేతకాదని చెప్పవయ్యా!" అన్నాడట మేనేజరు.

మేనేజరు కుర్చీలో ఉన్న రెండు గంటల్లోనే ఫైళ్లన్నీ హాల్లోని ఒక కంప్యూటరులోకి తెచ్చుకున్నారు మా ఆయన. శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవైకి ఇరవై పూర్తి.

సాయంత్రం మేనేజరు రాసిన రిపోర్టు వచ్చింది. మొదటి రెండు రోజుల ఆలస్యానికి కారణం సిబ్బంది అనుభవలేమి అని, పర్మనెంటు విషయం ఏడాది తర్వాత చూస్తామని. మా ఆయన సంతకం పెట్టి వచ్చారు.

"పెట్టేశారా?"

"పెట్టకపోతే ఆ ఏడాది కూడా ఉంచరు."

మేనేజరుకు చెప్పమని నేను అనలేదు, ఆ సంగతీ ఎత్తలేదు. కాసేపటికి మా బావగారు ఫోన్ చేశారు. ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఏం చెప్పమంటావు అన్నయ్యా, మా ఆవిడ తెలివి నమ్ముకుని చెడ్డాను."

అని, నవ్వారు. వంటింట్లో నేను వింటున్నానని ఆయనకు తెలుసు.