ఖండనకు ముందు

మా ఆయన కాలేజీలో ఇస్లామిక్ తత్వశాస్త్రం చెబుతారు. ఇంట్లోనూ అదే గోల. వెయ్యేళ్ల కిందటి ఆ మేధావులు మాకు దగ్గరి చుట్టాలైపోయారు. తర్కాన్నే నమ్ముకున్న ఒకాయన వైద్యుడు. ఆయన వాదాన్ని చీల్చి చెండాడిన ఇంకొకాయన మేష్టారు. మేష్టారు పోయాక ఆయన్ని తప్పుపట్టిన మూడో ఆయన జడ్జి. మా అత్తయ్యకు కూడా వీళ్ల తగువులు కొట్టినపిండి.

మేష్టారి పద్ధతే మా ఇంటి చట్టం. వైద్యుడి పక్షాన్ని ఖండించేముందు, అదేమిటో ఆయన ఎంతో నిజాయితీగా రాసిపెట్టారట. మా ఇంట్లోనూ అంతే. ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ మాటను వాళ్లు ఔననేలా చెప్పాలి. తీర్పు అత్తయ్యది.

నాకేమో వీధివైపు గదిలో కుట్టుషాపు పెట్టాలని ఆశ. ఆ గది నిండా ఆయన పుస్తకాలే. అడగ్గానే ముఖం మాడ్చుకున్నారు. ఈసారి కాదంటే ఇక జన్మలో అడగకూడదనుకున్నాను.

"ముందు అమ్మాయి పక్షం చెప్పరా," అంది అత్తయ్య, కుర్చీలో సర్దుకుంటూ.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ గదిలో వెలుతురు బాగుంటుంది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే అదే కావాలి. బోర్డు పెడితే వీధిలోకి కనిపిస్తుంది."

అక్కడితో ఆగుతారనుకున్నాను. ఆగలేదు.

"ఇన్నాళ్లూ వెనక వరండాలో గోడకేసి తిరిగి కుట్టింది. ఎవరైనా వస్తే, అదేదో తప్పు పనైనట్టు గుడ్డ దాచేస్తుంది. అది దాచుకోవాల్సిన పని కాదు."

ఆ మాట నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఆయన చూస్తున్నారనే నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమ్మా, నీ మాట ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

"ఇంకేం, అయిపోయింది. పుస్తకాలు ఎక్కడ పెడతావురా?"

"అమ్మా! నేనింకా ఖండన మొదలే పెట్టలేదు!"

"మీ మేష్టారికీ ఇదే అయిందన్నావుగా? 'ఇదంతా ఖండించడానికే రాస్తున్నా' అన్న ముందుమాట ఊడిపోయి ఆ పుస్తకం పరదేశం చేరితే, చదివినవాళ్లు ఆయన్నీ వైద్యుడి జట్టులో కలిపేశారని?"

ఆయనకే నవ్వొచ్చింది.

ఇప్పుడు పుస్తకాలు వెనక వరండాలో, నా మెషీన్ కిటికీ పక్కన. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆయన షాపులోకి వచ్చి, నేను కత్తిరించే గుడ్డకి రెండో కొస పట్టుకుంటారు.

"నా ఖండన ఇంకా మిగిలే ఉంది," అంటారు.

"చెప్పండి, వింటున్నా."

"ముందు ఇది తిన్నగా ఉందేమో చూడు."

ఈలోగా ఎవరో ఒకరు గుమ్మమెక్కుతారు. గుడ్డ దాచే తీరిక నాకెక్కడిది?