రెండో నంబరు ప్యాకెట్

ఇక్కడ విదేశంలో, మా వెర్రిబీ ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘంలో నెలకో ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ప్రభువు రక్తానికి గుర్తుగా ద్రాక్షారసం అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలి. భీమవరం, నరసాపురం నుంచి మావాళ్లు వెంట తెచ్చుకున్న పద్ధతి అది. గిన్నె ముట్టకపోతే ఏదో పాపం చేసినట్టు. ముట్టాక జబ్బుపడితే ఆ పాపం దాచిపెట్టి ముట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నా రూమ్మేట్ హెలెనా మార్చిలో గిన్నె తాగి, కుర్చీలో కూర్చోకముందే దగ్గు మొదలై, ఊపిరి అందక బయటికి పరుగెత్తింది. ఏప్రిల్‌లోనూ అంతే. చిన్నప్పుడు దానికి ఉబ్బసం ఉండేది కానీ పదో తరగతికల్లా తగ్గిపోయింది. యూనివర్సిటీలోనూ ఇంట్లోనూ బాగానే ఉంటుంది. బల్ల దగ్గరే ఇలా ఎందుకవుతోందో ఎవరికీ అర్థం కాలేదు, అమృతం ఆంటీకి తప్ప.

ఆంటీ మా సంఘపెద్ద ఎలియాజర్ అంకుల్ భార్య. "దేవుడికి అన్నీ తెలుసమ్మా. నువ్వేం దాస్తున్నావో నీకూ తెలుసు," అంది హెలెనా చెయ్యి పట్టుకుని, అందరూ వినేలా.

హెలెనా దాస్తున్నది శివంని. అతను ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల అబ్బాయి, మా యూనీలోనే చదువుతున్నాడు. ఇంట్లో రోజూ దీపం పెట్టుకునే కుటుంబం. ఏప్రిల్ బల్ల అయిన వారంలోనే హెలెనా అతనికి ఫోన్ చేసి, ఇక కలవద్దని చెప్పేసింది. ఆ సంగతి ఆంటీ దగ్గర ఒప్పుకుంది కూడా. తర్వాత అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు.

తెలిసింది అంకుల్ వాళ్ల గరాజ్‌లో. చర్చి కుర్చీలు సర్దడానికి వెళ్తే అక్కడ వైన్ తయారుచేసే కిట్ కనిపించింది. బల్లకి ద్రాక్షారసం చేసేది అంకులే. పెట్టె మీద నల్లద్రాక్ష గుత్తుల బొమ్మ, పెద్ద అక్షరాల్లో 'స్వచ్ఛమైన ద్రాక్ష' అన్న మాట. లోపల చిక్కటి రసం సంచి, మూడు పొడి ప్యాకెట్లు. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు తప్ప ఇంకేమీ లేవు. నేను చదివేది ఫుడ్ సైన్స్. పెట్టె నాలుగు పక్కలా తిప్పి చూశాను. ఏ ప్యాకెట్‌లో ఏముందో ఎక్కడా రాసి లేదు.

"అంకుల్, ఈ రెండో నంబరు ఏంటండీ?"

"పాడవకుండా ఉండటానికమ్మా కరోలిన్. వాళ్లు ఒకటే వెయ్యమన్నారు, నేను రెండు వేస్తున్నా. షాపాయన్ని అడిగి ఎక్స్‌ట్రా తెచ్చుకుంటా. ప్రభువు రక్తం పులిసిపోతే ఎలాగా?"

ప్యాకెట్ చింపి వాసన చూస్తే, అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. అది తమ వ్యాపార రహస్యమని జవాబిచ్చారు. రహస్యమట! పొడి యూనీ ల్యాబ్‌కి తీసుకెళ్లి నీళ్లలో కలిపి, రసాయనం ఉంటే రంగు మారే టెస్ట్ స్ట్రిప్ ముంచితే ఎర్రబడింది. సల్ఫైట్, ఆహారం పాడవకుండా వేసే రసాయనం. చాలామందికి అది ఏమీ చేయదు. ఉబ్బసం ఉన్న, లేదా ఒకప్పుడు ఉండి తగ్గిన కొందరికి మాత్రం ఊపిరి పట్టేస్తుంది.

ఇంటికొచ్చి హెలెనాకి స్ట్రిప్ చూపించాను.

"ల్యాబ్‌లో పాపం కనపడదు కదే," అంది.

దానికి దేవుడి మీద కంటే తన తప్పు మీదే నమ్మకం ఎక్కువ. నాకు ఒళ్లు మండిపోయి తిన్నగా అంకుల్ దగ్గరికి వెళ్లాను.

"ప్రభువు బల్ల మీద కెమికల్ పెట్టానంటావా?" అని ఆయన గట్టిగానే అరిచాడు. స్ట్రిప్, మిగిలిన పొడి ఆయన ముందు పెట్టి, హెలెనాకి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని చెప్పాను. ఆయన స్ట్రిప్ తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

"నా చేత్తోనే వేశానే తల్లీ. అదీ డబుల్," అన్నాడు.

మే నెల బల్లకి ఆయన వాళ్లమ్మ చేసినట్టే ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిండి రసం తీశాడు. దాన్నీ నేను పరీక్షించాను. స్ట్రిప్ తెల్లగానే ఉంది. ఇన్‌హేలర్ జేబులో పెట్టి హెలెనాని బతిమాలి తీసుకెళ్లాను. గిన్నె ఎత్తేముందు అంకుల్ నిలబడి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. "ఆ పిల్లకి జబ్బు నా వల్ల వచ్చింది. దేవుడి వల్ల కాదు, దాని వల్లా కాదు. నన్ను క్షమించండి," అన్నాడు.  

హెలెనా తాగింది. సంఘమంతా పాట ఆపేసి దాని ఊపిరినే వింటోంది. దగ్గు రాలేదు. పాట మొదటి నుంచీ ఎత్తుకున్నారు.

ప్రార్థన ముగిశాక గుమ్మం దగ్గర అమృతం ఆంటీ దాన్ని కావలించుకుంది. ఆవిడ ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది.

"చూసావా అమ్మా! ఆ అబ్బాయిని వదిలేసావు, దేవుడు నీ ఊపిరి నీకిచ్చేసాడు."

నేను నోరు తెరిచేలోపే హెలెనా ఆవిడ చేతుల్లోంచి మెల్లగా బయటికొచ్చి, అక్కడే నిలబడి ఫోన్ తీసింది.

"శివం, నేనే," అంది, ఆంటీ ముఖంలోకి చూస్తూనే. "ఫోన్ పెట్టెయ్యకు."