చక్కెర తీసేసి చూడు

ఆ గుంటలో చక్కెర ఉందని అందరికీ చెప్పేశాను. అందరికీ అంటే కుడో మాస్టారికి. సప్పోరోలో మా ప్రయోగశాలలో మిగిలింది మేమిద్దరమే. ఆయన కూడా మార్చిలో రిటైరవుతున్నారు.

మనిషి పేగుల్లో బతికే ఒక బాక్టీరియా దగ్గర ఓ ఎంజైమ్ ఉంది. ఒక చక్కెరను పట్టుకుని ఇంకో చక్కెరగా మార్చి వదులుతుంది. పట్టుకునే చోటు చిన్న గుంట. ఆ ఎంజైమ్‌ను స్ఫటికాలుగా పెంచి, చక్కెర నీళ్ళలో నానబెట్టి, ఎక్స్‌రేలు కొట్టించి, గుంటలో చక్కెర ఎలా కూర్చుందో చూపించాలి. చూపిస్తే నా ఉద్యోగం పొడిగిస్తారు. లేకపోతే మార్చి తర్వాత నా దారి నేను చూసుకోవాల్సిందే.

ఆ ఎక్స్‌రే కొలతల నుంచి కంప్యూటర్ తెర మీద మొదట కనిపించింది ఓ మసక. అందులో చక్కెర బొమ్మను నేనే కూర్చోబెట్టాను. లెక్క కట్టించిన కొద్దీ మసక దానికి తగ్గట్టే నిండుతూ వచ్చింది. పొద్దున్నే వచ్చి దాన్ని పలకరించేదాన్ని కూడా. పలకరించడానికి ఇంకెవరున్నారు కనుక!

మాస్టారికి మాత్రం నమ్మకం కుదరలేదు.

“చక్కెర తీసేసి మళ్ళీ లెక్క కట్టు, తొగాషీ.”

“ఎందుకు మాస్టారూ? ఇంత చక్కగా సరిపోతేనూ!”

“సరిపోయిందని ఊరుకోడానికి ఇదేమన్నా పెళ్ళిసంబంధమా? నువ్వు పెట్టావు కాబట్టి కనిపిస్తోందేమో. నిజంగా ఉంటే, తీసేసినా దాని ఆకారం అక్కడ తేలుతుంది.”

“రేపు చేస్తాను.”

“రేపు రేపంటూ వారం నుంచీ తిప్పుతున్నావు.”

ఆ సాయంత్రం మంచులో కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాను. తలుపు తీసి, ఇంట్లోకి వస్తూ మా జపాన్‌వాళ్ళంతా అనేటట్టే, “వచ్చేశాను” అన్నాను. “వచ్చావా? కాళ్ళు తడిశాయా?” అంది అమ్మ గొంతు. అమ్మ పోయి రెండు చలికాలాలయింది. ఆ జవాబు పెట్టేదీ నేనే, వినేదీ నేనే. మిసో చారు కాచి రెండు గిన్నెల్లో పోశాను. ఇలాంటిదాని కళ్ళను నమ్మి ఎవరైనా పరిశోధన పత్రం అచ్చువేస్తారా? నా మీద నాకే ఒళ్ళు మండింది.

మర్నాడు మాస్టారు పక్కనుండగానే చక్కెరను తీసేశాను. లెక్క పూర్తయ్యేదాకా ఇద్దరం టీ తాగాం. చివరికి గుంటలో రెండు నీటి అణువులు మిగిలాయి. పెద్దది చేసి చూశాను, తిప్పి చూశాను. చక్కెర జాడ లేదు.

“లేదు మాస్టారూ.”

“ఊఁ. ఖాళీ గుంటతోనే రాద్దాం. ఉన్నదే రాసినట్టవుతుంది.”

“దానికి పొడిగించరుగా?”

“పొడిగించరు.” ఊరడింపుకైనా అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు.

సరేనని తలూపాను. కప్పులు కడిగాను. బాగానే తట్టుకున్నాననుకున్నాను.

మాస్టారు నా కోటు తెచ్చి చేతికిచ్చారు.

“ముఖం పీక్కుపోయింది. ఇవాళ్టికి చాల్లే తల్లీ, ఇంటికెళ్ళు.”

ఉద్యోగం లేదన్నప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. కోటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.