ఇర్మె రాయి దగ్గరి మలుపు

ఓవర్సీరు చెప్పింది ముసలయ్య సరిగ్గానే విన్నాడు, అందులో పొరపాటేం లేదు. విన్నాక ఏం కోరుకున్నాడో, అదే ఆయన కొంప ముంచింది.

బస్తరు ఇంకా రాజుల కింద ఉన్న రోజులు. కోంటా వైపు పోయే అడవి దారిని కొలవడానికి రాజమండ్రి ఓవర్సీరు ఒకాయన వచ్చి, దారి చూపించమని ముసలయ్యను వెంటబెట్టుకున్నాడు. కాస్త దూరం నడిచి, "ఇది రోడ్డు కాదయ్యా, ట్రాక్" అన్నాడు.

"రెండూ దారులే గద దొరా, తేడా ఏంది?"

"ట్రాక్ అంటే మీ కాళ్ళు వేసింది. చెట్టు అడ్డమొస్తే పక్కకు తిరుగుతుంది. మీరు నడవడం మానేస్తే గడ్డి మొలిచి మాసిపోతుంది. రోడ్డంటే సర్కారు వేసేది. తిన్నగా పోతుంది, దానిమీద బండి పోతుంది."

బండి అనగానే ముసలయ్య ఆగిపోయాడు. పోయిన వానాకాలం, జ్వరంతో ఒళ్ళు తెలీని కూతురు ఇర్మెను మంచం మీద మోయించుకుని ఈ దారినే ఆస్పత్రికి బయల్దేరాడు. వాగు మలుపు దగ్గరే పిల్ల ప్రాణం పోయింది. బండి దారుంటే బతికేదని ఆయన ఏడవని పూట లేదు. "మాకు రోడ్డే కావాలె దొరా" అని ఓవర్సీరు కాళ్ళు పట్టుకున్నాడు. ఊరివాళ్ళను బతిమాలి పనికి తెచ్చాడు, తనూ మట్టి మోశాడు.

పోయినవాళ్ళ పేరిట రాయి నిలబెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఇర్మె రాయిని ఆ మలుపులోనే నిలబెట్టారు. అయినవాళ్ళ పని అంతవరకే. ఆ తర్వాత దారిన పోయే పరాయివాళ్ళు ఆగి, "ఎవరి బిడ్డవమ్మా" అని పలకరించి, ఓ ఆకు వేసి పోవాలి. అలా పలకరించేవాళ్ళున్నన్నాళ్ళే పోయినవాళ్ళు మనుషుల్లో ఉన్నట్టు. తండ్రి వేసిన ఆకు లెక్కలోకి రాదు.

రోడ్డు పడింది. తిన్నగానే పడింది, వాగు మలుపును అవతల వదిలేసి. కూతురి కోసం ఏడ్చే మనిషికి కూతురి రాయే గుర్తుకు రాలేదు, ఏం చేస్తాం. ఊరంతా బళ్ళెక్కి సంబరంగా తిరుగుతోంది. మలుపు వైపు పోయేవాడు లేడు. రాయి మీది ఆకులు ఎండి ఎగిరిపోయాయి, చుట్టూ మోకాలెత్తు గడ్డి లేచింది. ఒక్కసారి అటునుంచి పొమ్మని ముసలయ్య అడిగితే, "రోడ్డుండంగ చుట్టు తిరిగి ఎవరు పోతరు మామా" అన్నారు.

ఒకనాడు పొద్దున్నే ముసలయ్య ఆ గడ్డిలోకి దిగాడు. తలగుడ్డ విప్పి మొహం కప్పుకున్నాడు. ఎక్కడినుంచో వస్తున్న పరాయివాడిలా రాయి దగ్గర ఆగి, టేకాకు ఒకటి తుంపి పైన పెట్టాడు.

"ఎవరి బిడ్డవమ్మా?" అన్నాడు.

గొంతు తండ్రిదే. అది తన చెవిన పడగానే నిలవలేకపోయాడు. రాయిని కావలించుకుని, "నా బిడ్డవే, నా బిడ్డవే" అని కూలబడి ఏడ్చాడు.

ఆ ఆకు కూడా లెక్కలోకి రాకుండా పోయింది.